పాటందుకునేవాళ్లు

గుంటూరు యార్డులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లందరి చెవుల్లోనూ గింజంత యంత్రం ఉంటుంది. ఎవరికున్న కలని బట్టి, తెల్లారేసరికి వాళ్లకోసమే ఒక పాటో, సినిమానో, కథో అల్లి ధైర్యం చెబుతుంది. మస్తానమ్మకి లారీ తోలాలని కల. ఆమె పాటలన్నీ స్టీరింగు పాటలే.

ఒకరోజు ఆమె చెవిలోని గింజ తీసి ఒళ్లో పెట్టుకుని, వాళ్లమ్మ కాలంలోలాగా తన పాట మొదటి లైను పైకి పాడి ఆగింది. రెండోది పక్కవాళ్లు అందుకోవాలి. ఎవరూ అందుకోలేదు.

పక్కనున్న ఏసుమణి తన గింజ తీసి, "ఏందక్కా, నన్నేమన్నా అన్నావా?" అంది.

"పాటందుకోవే."

"నీ పాట నాకెట్టా వచ్చుద్ది? నాది బ్యూటీపార్లర్ కల గదా!"

అయినా మస్తానమ్మ పట్టుబట్టి నేర్పింది. సాయంత్రానికి ఏసుమణి తప్పులతోనే పాడింది. మస్తానమ్మకి చేతుల మంట కూడా తెలియలేదు.

మర్నాడు ఏసుమణి అదే బాణీలో పాడుకుంటుంటే మస్తానమ్మ సంబరంగా గొంతు కలిపింది. తన నోట స్టీరింగు, ఏసుమణి నోట కత్తెర.

"రాత్రి గింజే మాటలు మార్చిందక్కా. ఇప్పుడు అచ్చంగా నా పాటే!" అని ఏసుమణి మురిసిపోయింది.

మస్తానమ్మ గింజ చెవిలో పెట్టుకుంది. కొత్త పాట మొదలైంది. మొదటి లైను అవగానే బోలెడుమంది ఆడవాళ్లు అందుకున్నారు. అందులో ఏసుమణి గొంతు కూడా ఉంది.

పక్కనే ఏసుమణి కత్తెర పాట పాడుకుంటూ తొడిమలు తీస్తోంది. చెవిలో ఏసుమణి మాత్రం ఒక్క తప్పు లేకుండా స్టీరింగు పాట పాడుతోంది.