నాలుగింటి అనువాదం

"ఈ డిస్కు మీ ప్లేయర్లో ఆడదు పెద్దమ్మగారూ," అన్నాడు మెకానిక్, టీవీ తెర మీద 'రాంగ్ రీజియన్' అన్న అక్షరాలకేసి స్క్రూడ్రైవర్ చూపిస్తూ.

పెద్దావిడ సోఫాలో కాలు బారజాపుకుని కూర్చుంది. మోకాలి ఆపరేషనై మూడు వారాలైంది. గడప దాటొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

"గీతలు పడ్డాయా?"

"డిస్కు అద్దంలా ఉందండీ. ప్రపంచాన్ని ముక్కలు చేసి, ముక్కకో నంబరిచ్చారు. ఆ ముక్కలో కొన్న డిస్కు ఈ ముక్కలో కొన్న ప్లేయర్లో ఆడదు."

"సినిమాకి కూడా వీసా కావాలన్నమాట!"

"అది నేనిస్తాగా!" అని రిమోట్ మీద ఏవో అంకెలు టకటకా నొక్కాడు. ఎప్పుడూ కనబడని మెనూ ఒకటి తెరుచుకుంది. రీజియన్ దగ్గర సున్నా పెట్టాడు. "ఇక ఏ దేశానిదైనా ఆడుతుంది. ఇంతకీ ఇవెక్కడివి?"

"మావారు ఓడల కంపెనీలో చేసినప్పుడు కొన్నారు. పన్నెండు డిస్కుల సీరియల్."

అట్ట మీద రేవు బొమ్మ చూసి అతని మొహం వెలిగిపోయింది. "ఈ ఊళ్ళో నేను రెండేళ్ళు పనిచేశాను! ఆ భాష నాకు మంచినీళ్ళ ప్రాయం."

నిజానికి ఆ రేవులో అతని చుట్టూ ఉన్నదంతా మనవాళ్ళే. అతనికొచ్చిన మాటలు మూడు: 'ఎంత', 'చాలు', 'జరుగు'.

తెర మీద గడ్డపాయన ఒకడు పడవ తాడు విప్పుతూ ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు నాయనా?"

మెకానిక్ తెర మీది పడవకేసి చూశాడు. "ఈ పడవ అమ్మనుగాక అమ్మనంటున్నాడు."

"ఎవరికట?"

"అల్లుడికి."

"పాపం, కూతురేమంటుందో!" అందావిడ ముందుకు వంగి.

ఆ మాటతో అతను ఇరుక్కుపోయాడు. మర్నాడు నాలుగింటికల్లా రమ్మని ఆవిడ ఫోను చేసింది. ఆ మర్నాడు చెయ్యక్కర్లేకపోయింది. డీవీడీలు బాగుచేయించుకునేవాళ్ళు లేక దుకాణం ఎలాగూ ఈగలు తోలుకుంటోంది. పొద్దున్నంతా అక్కడ కూర్చుని, గడ్డపాయన చిన్నకూతురు ఎవరిని చేసుకోవాలో, అల్లుడి అప్పు ఎలా తీరాలో ఆలోచించేవాడు.

"దుకాణంలో మీలో మీరే మాట్లాడుకుంటున్నారట, ఎవరో చెప్పారు," అంది భార్య.

"స్క్రూలు లెక్కెడుతున్నా," అన్నాడు.

ఇన్నేళ్ళలో అతని మాట కోసం ఒక మనిషి గడియారం చూసుకుంటూ కూర్చోవడం ఇదే మొదలు. ఆ సంగతి భార్యతో చెప్పడానికి సిగ్గేసింది.

చిక్కులు రాకపోలేదు. మూడో డిస్కులో జనం ఏడుస్తుంటే చూసి గడ్డపాయన పోయాడని తేల్చేశాడు. నాలుగో డిస్కులో ఆయన నిక్షేపంలా రొట్టె తింటూ కనబడ్డాడు.

"పోయాడన్నావు?"

"ఈయన తమ్ముడండీ. కవలలు."

"మరి గడ్డం?"

"అన్న పోయిన దుఃఖంతో పెంచాడు."

"ఒక్క పూటలో అంత గడ్డమే!"

"దుఃఖం అలాంటిదండీ."

ఆవిడ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దుఃఖమనుకుని అతను గొంతు ఇంకాస్త బరువుగా మార్చాడు.

ఏడో డిస్కు నాడు పక్క వాటాలో ఉండే లైబ్రేరియన్ తలుపు తట్టి వచ్చాడు. "ఈ సీరియలా! మా లైబ్రరీలో ఇక్కడ విడుదలైన డిస్కులున్నాయండీ. కింద తెలుగులో మాటలు పడతాయి. రేపు తెస్తాను, ముగ్గురం మొదట్నుంచీ చూద్దాం."

మెకానిక్ ప్రాణం గిలగిల్లాడింది. మొదట్నుంచీ! ఆ పడవ, అల్లుడు, కవలలు! ఆవిడ చూపు తన మీద పడ్డప్పుడు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? వెళ్ళేముందు దుమ్ము తుడుస్తున్నట్టు నటిస్తూ, సున్నా తీసేసి ఆవిడ డిస్కుల నంబరు పెట్టేశాడు. ఇక ప్లేయరు ఆ డిస్కుల్ని తప్ప ఇంకోదాన్ని ముట్టుకోదు.

మర్నాడు లైబ్రేరియన్ పెట్టెడు డిస్కులు మోసుకొచ్చాడు. 'రాంగ్ రీజియన్'. తుడిచి పెట్టాడు, ఊది పెట్టాడు. ఊహూఁ.

"ఎంతో ఇష్టంగా తెచ్చానండీ," అని చిన్నబోయి వెళ్ళిపోయాడు.

అతని వెనక తలుపు మూసుకోగానే మెకానిక్ కూర్చోలేకపోయాడు.

"పెద్దమ్మగారూ, ఆయన డిస్కులు ఆడకుండా లాకు నేనే వేశాను."

"ఎందుకూ?"

"నాకా భాష రాదు. మూడే మూడు ముక్కలు వచ్చు. మీకిన్నాళ్ళూ చెప్పినదంతా నా పైత్యం. కాలు కదపలేని మనిషిని మోసం చేశాను."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అయితే ఆ అల్లుడు మంచివాడేనా, కాదా?"

"వాడు అల్లుడో కాదో కూడా నాకు తెలీదండీ."

ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని అతను హడలిపోయాడు. తీరా చూస్తే నవ్వు.

"లాకు తీసేస్తానమ్మా. రేపట్నుంచి ఆయనా మీరూ హాయిగా అసలు కథ చూసుకోండి," అని రిమోట్ అందుకోబోయాడు.

ఆవిడ దాని మీద చెయ్యి వేసేసింది. "దాని జోలికెళ్ళావంటే ఊరుకోను. ఇంకా ఐదు డిస్కులున్నాయి. రేపు నాలుగింటికి రా. ఆ చిన్నకూతురి పెళ్ళి నీ చేతిమీదుగానే జరగాలి."

అతను మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్ళిపోయాడు.

పెద్దావిడ ఫోను తీసి, భర్త ఉద్యోగరీత్యా ఆ రేవులో కాపురమున్న రోజుల నాటి స్నేహితురాలికి కలిపింది. అమ్మనన్న పడవ మొదలుకొని ఒక్క పూటలో పెరిగిన గడ్డం దాకా పూసగుచ్చినట్టు చెబుతూ పడీపడీ నవ్వింది.

చెప్పిందంతా ఆ సీరియల్ భాషలోనే.