పది నుంచి పదకొండు దాకా దేవుడు

ఆటలో దేవుడు దొరికాడని ఆడపడుచు వచ్చి చెప్పేసరికి వదిన వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"దొరికితే ఈ దుంపల సంగతి కూడా చూడమను," అంది.

ఆడపడుచు నవ్వలేదు.

కంప్యూటర్‌లో వేలమంది ఒకేసారి ఆడే ఆట అది. కత్తులు, రాక్షసులు, మంత్రాలు, ఒక విరిగిన వంతెన.

ఆ వంతెన మొదట్లో గొంగళి కప్పుకున్న ముసలాయన ఒకడు నిలబడి ఉంటాడు. దెబ్బ తిని ఎవరు దగ్గరికొచ్చినా చెయ్యెత్తుతాడు, గాయం మానిపోతుంది. పలకరిస్తే మాట్లాడడు, చెయ్యెత్తుతాడు. తిట్టినా అంతే.

అందరికీ నెత్తిమీద పేరుంటుంది. ఆయనకి ఒక చుక్క.

ఆయన ఆడేవాళ్లలో ఒకడు కాదని, ఆట తయారుచేసినవాళ్లు మారువేషంలో నిలబెట్టిన దేవుడని ఆడపడుచు సిద్ధాంతం. చుక్క అంటే బిందువని, బిందువంటే సృష్టికి మూలమని మూడు పేజీలు రాసింది.

ఆమెకి ఉద్యోగం పోయి ఏడాదైంది. ఇంట్లో ఆమె మాటకి ఊఁ కొట్టే తీరిక ఎవరికీ లేదు. ఆ ఆట గుంపులో మాత్రం మూడువందలమంది ఆమె రాసింది చదివి, వాదించి, పడిచచ్చేవాళ్లు.

సిద్ధాంతం తప్పని తేలితే ఆ మూడువందలమందీ పోతారు.

తేల్చాల్సిందేనని కూర్చున్నది లెక్కల మాస్టారు. అది గుంపులో పేరు, అసలు పని టైర్ల షాపు. ముసలాయన ఉత్త బొమ్మ అని, చుక్క ఏమిటంటే పేరు పెట్టడం మర్చిపోయారని ఆయన వాదన. కంపెనీని అడిగితే, రహస్యాలను ఆస్వాదించండి అని జవాబొచ్చింది.

వదినకి ఒకటే అనుమానం.

"రోజూ పదింటికి డ్యూటీ ఎక్కి పదకొండింటికి దిగిపోయే దేవుడేమిటమ్మాయ్? బ్యాంకువాళ్లు నయం, లంచ్ దాకా అన్నా ఉంటారు."

"దేవుడి వేళలు దేవుడివి, వదినా."

"ఎవరో మనిషేమో."

"మనిషైతే ఒక్కసారన్నా తిరగబడడూ?"

ఆ మాటే పరీక్షకి దారితీసింది. చంపి చూద్దామన్నారు మాస్టారు. బొమ్మైతే వెంటనే మళ్లీ మొలుస్తాడు, దేవుడైతే అసలు రూపం చూపిస్తాడు. మొదటి దెబ్బ తానే వేస్తానంది ఆడపడుచు.

ఆ ఆటలో చావుకో లెక్కుంది. మొదటిసారి చస్తే తెర బూడిదరంగైపోతుంది, అయిదు నిమిషాలాగి మీట నొక్కాలి, అక్కడే లేస్తారు. రెండోసారి పది, మూడోసారి పదిహేను, అలా అయిదేసి నిమిషాలు పెరుగుతూ పోతుంది. మధ్యలో ఆట కట్టేస్తే ఆ నిమిషాలు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవాలి, చావుల లెక్క మాత్రం పోదు. ఆడేవాళ్లకి అదో ఇబ్బంది కాదు. తెరిచి వదిలేసి స్నానానికి వెళ్లొస్తారు.

మొదటి రోజు అయిదుసార్లు చంపారు.

చచ్చిన ముసలాయన మనుషుల్లాగే సరిగ్గా నిమిషాలు లెక్కపెట్టుకుని లేచాడు. మనిషి వేషం కట్టిన దేవుడు మనుషుల చట్టం తప్పడని ఆడపడుచు రాసింది. అందరికీ తెగ నచ్చింది.

లేచిన ప్రతిసారీ, కొట్టినవాళ్ల వైపే చెయ్యెత్తాడు. వాళ్ల పాత గాయాలు మానిపోయాయి.

రెండో రోజు రెండుసార్లు. ఆ పైన రోజుకొకసారి.

"వదిలెయ్యండర్రా," అంది వదిన, వెనక నిలబడి చూసి. "ఉత్తుత్తిదైనా చూడబుద్ధి కావడం లేదు."

ఏడో రోజు పన్నెండోసారి పడ్డాడు. ఇక లేవలేదు.

పదింటికి గొంగళి నేలమీద కనిపించేది, పదకొండింటికి మాయమయ్యేది. యోగనిద్ర అన్నారు. పదిరోజులయ్యాక ఆ గొంగళి కూడా కనిపించలేదు. తన లోకానికి తాను వెళ్లిపోయాడని తీర్మానించారు. మాస్టారు ఓటమి ఒప్పుకున్నారు. గుంపు మూడువేలైంది.

ఆ వారం ఆడపడుచు రెండు పూటలా వేళకి వచ్చి అన్నం తింది.

నెల తిరిగాక ఒకరోజు, పదకొండు దాటిన తర్వాత, గొంగళి మనిషి మళ్లీ లేచాడని కబురొచ్చింది. ఆడపడుచు పరుగెత్తింది. గిన్నెలు కడుగుతున్న వదిన తడి చేతులతోనే వెనకాల వచ్చింది.

వంతెన చుట్టూ వందలమంది. నెత్తిమీది చుక్క కింద మొట్టమొదటిసారి మాటలు పడుతున్నాయి. ఒక్కొక్కటే, ఆగి ఆగి.

"నా కళ్లజోడు అక్కడే ఉండిపోయింది, పైకి చదువు," అంది వదిన.

ఆడపడుచు చదివింది.

"అందరికీ నమస్కారం. నేను ఈయన భార్యని. నాకు టైపు సరిగ్గా రాదు. ఆయన పోయి నెలైంది. ఆయా వచ్చేది పది నుంచి పదకొండు దాకానే. ఆ గంటే ఆయన్ని లేపి దీని ముందు కూర్చోబెట్టగలిగేవాళ్లం. చివరి పదిరోజులూ తెర బూడిదరంగుగా ఉండిపోయింది. పాడైందనుకున్నాం. ఆయన మాత్రం దాని మీంచి చూపు తిప్పలేదు. ఇవాళ అలవాటుకొద్దీ పదింటికి తెరిచి, కట్టడం మర్చిపోయి వేరే పనిలో పడ్డాను. వచ్చి మీట నొక్కితే లేచి నిలబడ్డాడు. ఇక్కడ ఈయన కోసం చూసేవాళ్లుంటారు కదా, చెప్పాలనిపించింది."

గుంపులో మాస్టారు ఒక్క వరుస రాశారు: పన్నెండో చావుకి పన్నెండు అయిదులు అరవై నిమిషాలు, ఆయనకున్న గంట అంతా.

తెరమీద ఇంకా మాటలు పడుతూనే ఉన్నాయి, కానీ ఆడపడుచు ఆ లెక్క దగ్గరే ఆగిపోయింది. వదిన ఆమె భుజం మీద చెయ్యివేసి, తెరకి దగ్గరగా వంగి, మిగిలింది తానే కూడబలుక్కుని చదివింది.

"ఒళ్లంతా పడిపోయి ఆయనకి కుడిచేతి బొటనవేలొక్కటే మిగిలింది. ఒక్క మీటే నొక్కగలరు, దానికి కత్తి పెట్టమంటారా, పరుగు పెట్టమంటారా, మాట పెట్టమంటారా, మందు పెట్టమంటారా అని మా అల్లుడు అడిగితే, మందు అన్నప్పుడు రెప్ప వేశారు."