చెవి ధర

ఆ పొద్దున దుకాణం తెరిచేసరికి సదయ్య చేతిలో ఉన్నవి మూడు: గోదావరిఖని బస్టాండు ఎదురుగా ఒక మడిగె, నిన్ననే దిగిన రెగ్జిన్ బ్యాగులు, మిషన్ పెట్టుకుంటే సగం వినబడే ఎడమ చెవి.

“ఆ నల్ల బ్యాగు ఎంత కాక?” వేణుమాధవ్ రెండోసారి అరిచాడు.

“మూతికి కట్టిన మాస్కు తియ్ బిడ్డా. పెదవులు కనబడితెనే నాకు మాట దొరుకుతది.”

“తియ్యద్దు కాక.”

అతని చంకలో దవాఖాన కవరు ఉంది. ఎక్స్‌రే పట్టేంత పెద్దది. సదయ్య దానివంక ఒకసారి చూసి గల్లా దగ్గర్నుంచి లేచాడు.

“అయితె ఉంచుకో. బయటికి రా, గాలిల మాట్లాడుదం.”

వేణుమాధవ్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర డంపరు నడుపుతాడు. చెప్పులైనా, బూట్లయినా సదయ్య దగ్గరే కొంటాడు.

“ఎటు ప్రయాణం?”

“చంద్రాపూర్. అక్కడ దోస్తు లారీ ఉన్నది.”

“మళ్ల ఎప్పుడొస్తవ్?”

“ఇగ వచ్చేది లేదు.”

“అయితె అమ్మ.”

“ఏంది?”

“బ్యాగు నీకు అమ్మనంటున్న. చెవుడు నాకా, నీకా?”

వేణుమాధవ్‌కు నవ్వు రాలేదు. గుట్టు మాటను చెవిటివాడికి చెప్పాలంటే అరవాలి. మంచిర్యాల బస్సు హారన్ కొట్టేదాకా ఆగి, ఆ మోతలో చెప్పేశాడు.

“టీబీ. మామూలు గోళీలకు లొంగనిదట. హెచ్ఐవీ ముందు నుంచే ఉన్నది.”

సదయ్య వెనక్కి తగ్గలేదు. గాలి వచ్చే వైపుకు జరిగి నిలబడ్డాడంతే.

“హెచ్ఐవీ గోళి ఆపినవా?”

“లేదు. దినాం ఏస్కుంటున్న.”

“మరి దీనికెందుకు పారిపోవుడు?”

“రెండేండ్లు మందులు, అండ్ల నెలల కొద్ది సూదులట. ఆ సూదులకు చెవులు పోతయట. హారన్ వినబడని డ్రైవర్‌కు స్టీరింగ్ ఎవడిస్తడు? నీకేం కాక, బొగ్గుబాయిల బ్లాస్టింగులకు చెవులు పోయినా దుకాణం పెట్టుకున్నవ్. నేనేం పెట్టుకోవాలె?”

గోదావరిఖనిలో చెవుడు వింత కాదు. గట్టిగా మాట్లాడే పెద్దమనిషి కనబడితే ఏ బాయిలో చేశావని అడుగుతారు తప్ప, చెవులకేమైందని ఎవరూ అడగరు.

సదయ్య ఫోను తీశాడు. దవాఖానలో టీబీ మందుల పని చూసే డెబోరాకు కలిపి, స్పీకరు పెట్టాడు.

“డెబోరక్కా, నీ మనిషి ఒకడు నా దుకాణంల ఉన్నడు. బ్యాగు కొంటడట.”

“వేణుమాధవేనా? నిన్నటి సంది ఫోన్ ఎత్తుతలేడు. తమ్మీ, ఆ సూదులు వెనుకటి ముచ్చట. నీకు ఇప్పుడిచ్చేటియి గోళీలే, ఆరు నెలలు. హెచ్ఐవీ ఉన్నోళ్లకు గూడ ఇస్తున్నం. మధ్యమధ్య రక్తం చూస్తం, ఈసీజీ తీస్తం. కాళ్లు తిమ్మిరెక్కినా, కండ్లు మసకైనా ఆ రోజే చెప్పాలె. నడుమల ఆపితె మాత్రం పాణం మీదికొస్తది.”

ఫోను పెట్టేశాక వేణుమాధవ్ అడిగాడు. “ఆమె నీకెట్ల ఎరుక?”

“పాత పరిచయం.”

“వాళ్లు గట్లనే అంటరు. నువ్వేమంటవ్?”

“నేను యాపారం చేసెటోన్ని. చెవి ధర పోగొట్టుకున్నోనికే ఎరుక. నా మనుమరాలు చెవిల గుసగుస చెప్తె మొకం చూసి నవ్వుత, ఏం చెప్పిందో తెల్వదు. అయినా బతుకు గిట్టుబాటే. నీ మందులు ఆ చెవి గూడ అడుగుతలేవు. గింత చౌక బేరం ఇడిసిపెట్టి చంద్రాపూర్ పోతవా?”

వేణుమాధవ్ దుకాణంలోని నల్ల బ్యాగు వంక చూశాడు.

“పొద్దున దుకాణం తెరిచే యాళ్లకు రా. గీ అరుగు మీద కూసోని నా ముందల మింగు. మందు అయిపోయినంక గూడ పోవాలనిపిస్తె ఈ బ్యాగు ఉత్తగనే ఇస్త.”

నల్ల బ్యాగును పై కొక్కేనికి తగిలించాడు.

మర్నాడు వేణుమాధవ్ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. అతను గోళీలు మింగుతుంటే సదయ్య కూడా జేబులోంచి ఒకటి తీసి నోట్లో వేసుకునేవాడు. “నాది బీపీది” అనేవాడు.

మూడో నెలలో ఒకరోజు వేణుమాధవ్ అరుగు దిగి పోతుంటే ఎడమకాలి చెప్పు వెనకే ఉండిపోయింది. అతను చూసుకోకుండా నడుస్తూనే ఉన్నాడు.

“ఆగు. చెప్పు జారింది తెలుస్తలేదా?”

“కొద్దిగ తిమ్మిరి. చెప్తె మందు బంద్ చేస్తరేమోనని...”

“చెప్పులు అమ్మెటోని ముందల కాళ్లు దాస్తవా?” అని సదయ్య షట్టరు సగం దించి, అతన్ని ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు మందు ఆపలేదు. ఒక గోళీ మోతాదు తగ్గించి, ఇంకొంచెం ఆలస్యమైతే నడక పోయేదన్నాడు.

వానాకాలం పోయి చలి వచ్చింది. కోర్సు పూర్తయింది. పరీక్షల్లో క్రిమి కనబడలేదని డెబోరా ఫోను చేసి చెప్పింది. మరి రెండు రోజులకు వేణుమాధవ్ మాస్కు లేకుండా వచ్చాడు. చెంపలు నిండాయి. బస్సు హారన్ వినగానే తల తిప్పి చూశాడు.

సదయ్య నల్ల బ్యాగు దించి దుమ్ము దులిపాడు. “తీస్కో. మాటంటె మాటే.”

“బ్యాగొద్దు. టిఫిన్ డబ్బా ఇయ్యి. ఎల్లుండి సంది మొదటి షిఫ్టు. హెచ్ఐవీ గోళి మాత్రం ఇడువ.”

సదయ్య డబ్బా తీసి, మూత బిగువుగా పడుతుందో లేదో చూశాడు. ఆర్నెల్ల కింద మొదలుపెట్టిన బేరం లెక్క తేలింది: బ్యాగు అమ్ముడుపోలేదు, గిరాకి మిగిలాడు.

వేణుమాధవ్ డబ్బా అందుకుని మెల్లగా అడిగాడు. ఈసారి అరవాల్సిన పని లేదు, పెదవులు కనబడుతున్నాయి.

“ఇన్ని దినాలాయె, అడుగనే లేదు కాక. నీ చెవులు ఏ బాయిల పోయినయి?”

“నేనెన్నడు బాయి దిగలే బిడ్డా. డెబోరక్క చెప్పిన ఆ వెనుకటి సూదులకు పోయినయి.”