అంచు బరువు

"కదలకండి అంటే వినరేం? గుండుసూది గుచ్చుకుంటే మళ్ళీ నన్నే అంటారు."

"నేనేం బట్టల కొట్టు బొమ్మనా, ఊపిరి బిగబట్టి నిలబడ్డానికి?" అన్నాడు ప్లంబరు స్టూలు మీంచి. మెడ నుంచి మడమల దాకా తెల్లగౌను వేలాడుతోంది. మీసాలకీ ఆ గౌనుకీ ఎక్కడా పొంతన లేదు.

కింద మోకాళ్ళ మీద కూర్చుని అంచు సర్దుతున్న అతని భార్యని అందరూ సూదమ్మ అంటారు. బాప్తిస్టు సంఘంలో స్త్రీల సమాజానికి కుట్టుపనంతా ఆమెదే. కొండల్లో సువార్త చెప్పేవాళ్ళకి ఆ సమాజం ఏటా దుప్పట్లు, చొక్కాలు, బాప్తిస్మం గౌన్లు పంపిస్తుంది. మిగతా ఆడవాళ్ళు మిషన్ పని గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. సూదమ్మ మాత్రం "నాకు తెలిసిన మిషను ఇదొక్కటే" అని కుట్టుమిషను మీద తట్టి నవ్వేస్తుంది.

కిందటిసారి పంపిన గౌను ఆమె పరువు తీసింది. ఏటిలో దిగగానే లోపల గాలి నిండి గొడుగులా పైకి లేచిందట. పాపం, ఆ కొత్త విశ్వాసి ఒక చేత్తో గౌనుని అణుచుకుంటూ, ఇంకో చేత్తో పాస్టరుని పట్టుకుని మునిగాడట. ఒడ్డున ఉన్నవాళ్ళు పాట మానేసి పొట్టలు పట్టుకున్నారట. ఆ కబురు విన్న రోజు సూదమ్మకి ముద్ద దిగలేదు.

"ఈసారి కూడా తేలిందంటే, ఇక కుట్టించేది లేదు. కొనే పంపిద్దాం" అని సమాజం అధ్యక్షురాలు టీచరమ్మ తేల్చి చెప్పేసింది.

కుట్టుపని పోతే ఆ సమాజంలో తనకి మిగిలేదేముంది? నలుగురిలో మాట్లాడడం చేతకాదు. పాట అందుకుంటే పక్కవాళ్ళకి కూడా శ్రుతి తప్పుతుంది. ఇక మూల కూర్చుని టీ కప్పులు కడుక్కోవడమే అనుకుని బెంగ పెట్టుకుంది.

ఆ బెంగలో ఉండగానే పాస్టరమ్మ వచ్చింది.

"అక్కా, ఒక గౌను కావాలి. మనం ఏళ్ళ తరబడి ప్రార్థన చేస్తున్న చోటే. మహా మొండి నేల. ఇన్నాళ్ళకి ఒక మనిషి ఒప్పుకున్నాడు."

"దేవుడికి స్తోత్రం! మరి కొలతలు?"

"మనిషి బాగా పొడుగు. మీ ఆయనకి సరిపోయేలా కుట్టు, చాలు."

"అంత దూరం పంపాక సరిపోకపోతే మళ్ళీ నా తల తీస్తారమ్మా."

"దూరమనే అనుకున్నాం అక్కా, ఇన్నాళ్ళూ" అని పాస్టరమ్మ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

అలా ప్లంబరు స్టూలెక్కాల్సి వచ్చింది. చర్చి అంటే అతనికి పడదని కాదు. వేదిక కింద ఉన్న బాప్తిస్మం తొట్టి ఎప్పుడు కారినా పానా పట్టుకుని దిగేది అతనే. ఆ తొట్టిలో తను దిగినన్ని సార్లు పాస్టరు కూడా దిగలేదని గొప్పలు పోతాడు. ఆరాధనకి రమ్మంటే మాత్రం "నన్ను ముంచేవాళ్ళు బయటే బోలెడుమంది ఉన్నారు, మళ్ళీ మీ దగ్గరికి కూడా రావాలా?" అంటాడు. ఆదివారం ఆమెని గేటు దగ్గర దింపి స్కూటరు తిప్పేస్తాడు. పెళ్ళైన కొత్తలో సూదమ్మ అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకునేది. ఇప్పుడు గేటు దాటాక వెనక్కి చూడడం మానేసింది.

"అంచులో ఏం పెడుతున్నావే?"

"గులకరాళ్ళు. బరువుంటే తేలదు కదా."

"రాళ్ళన్నీ ఒక పక్కకి జరిగిపోతాయి. అడుగేస్తే కాళ్ళకి కొట్టుకుంటాయి."

"పోనీ, ఇనపముక్కలు?"

"తుప్పు మరకలు పడతాయి. ఉండు." గుండుసూదులతో సహా స్టూలు దిగాడు. గౌను ఎత్తిపట్టుకుని తన సామాన్ల సంచి దగ్గరికి వెళ్ళి గుప్పెడు ఇత్తడి నట్లు తెచ్చాడు. "నీళ్ళకి చెడవు. ఒక్కోదాన్ని విడివిడిగా కుట్టెయ్."

సూదమ్మ ఆశ్చర్యపోయింది. పాత నట్టు కూడా పారెయ్యని మనిషి! "మీ సామాను మా గౌనుకెందుకండీ?"

"పాపం, వాడెవడో నలుగురిలో నవ్వులపాలు కాకూడదు కదా" అని మళ్ళీ స్టూలెక్కాడు. "మెడ దగ్గర కాస్త వదులు చెయ్యి. బిగుతుగా ఉంది."

"వేసుకునేది మీరా ఏంటి?"

"వాడికి మాత్రం మెడ ఉండదా?"

ఆమె నవ్వి మెడ వదులు చేసింది. నట్లు కుట్టాక అంచు బక్కెట్టులో వేసి చూస్తే బుడుంగున అడుక్కి పోయింది. మర్నాడే గౌను ఇస్త్రీ చేసి పాస్టరమ్మ చేతికిచ్చింది.

ఆదివారం మామూలుగానే అతను గేటు దగ్గర దింపాడు, ఆమె వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళింది. వేదిక మీద పలకలు తీసేసి తెర కట్టి ఉంది. ఎవరో కుర్రాళ్ళకి బాప్తిస్మం కాబోలు అనుకుంది.

"గౌను పంపేశావా?" పక్కనున్న టీచరమ్మ అడిగింది.

"పాస్టరమ్మ తీసుకెళ్ళిందండీ."

"తేలిందని కబురు రాకపోతే అదే పదివేలు."

పాట పూర్తయింది. తెర తొలిగింది. తొట్టి అంచు మీదుగా మీసాలతో సహా మొగుడి తల కనిపించింది.

'అయ్యో దేవుడా, ఈ తొట్టి ఇవాళే కారాలా! ఈయన ఇవాళే దిగాలా!' టీచరమ్మ ముందు సూదమ్మకి తల కొట్టేసినట్టయింది. పైకి లాగి పంపించేద్దామని గబగబా వేదిక ఎక్కి తొట్టిలోకి తొంగి చూసింది. అతని ఒంటి మీద, మెడ దగ్గర తను వదులు చేసిన తెల్లగౌను.

గౌను తేలలేదు.