మెట్లు దిగే గాలి

“సిలిండరా, పైపా?”

పెరటి గేటు దగ్గర నిలబడి ఒక ముసలాయన అడిగాడు. వెలిసిపోయిన నీలం యూనిఫారం తొడుక్కుని ఉన్నాడు.

దంతవైద్యుడు కొత్త గ్రిల్‌ను అట్టపెట్టెలోనుంచి అప్పుడే పైకి తీస్తున్నాడు. ఇకమీదట ప్రతి ఆదివారమూ ఆరుబయట మాంసం కాల్చుకుని తినాలన్నది అతని సంకల్పం.

“సిలిండరే. మీరు గ్యాస్ కంపెనీవారా?”

ముసలాయన ఔననలేదు, కాదనలేదు. గ్రిల్ పక్కనుంచి కిందికి దిగే నాలుగు మెట్లను చూసి, అక్కడెవరో కూర్చుని ఉన్నట్టు చటుక్కున చూపు తిప్పుకున్నాడు.

“కింద గదిలో ఎవరుంటారు బాబూ?”

“మా అమ్మాయి. చదువూ అక్కడే, పడకా అక్కడే.”

“అయితే పైపు పెట్టించండి. పైపు గ్యాసు తేలిక, కారినా పైకి పోతుంది. సిలిండరు గ్యాసు గాలికంటే బరువు. పల్లం వెతుక్కుంటూ మెట్లు దిగుతుంది. గ్యాసు చిమ్మే నాజిల్ మారిస్తే ఈ గ్రిల్ పైపుకీ పనికొస్తుంది.”

“పెరడంతా తవ్వాలి, నెల్లాళ్లు ఆగాలి. పైపుల తరఫున వకాల్తా పుచ్చుకున్నారేమిటి?”

కిటికీలోనుంచి దంతవైద్యుడి భార్య నవ్వింది. “రోజూ పదిమంది నోళ్లు తెరిపిస్తారు, ఒక్క నోరు మూయించడం మాత్రం చేతకాలేదు!”

ముసలాయన గిన్నెలో సబ్బునీళ్లు కలిపి, సిలిండరు మూతి చుట్టూ కుంచెతో రాశాడు. బుడగలు రాలేదు, గ్యాసు కారడం లేదని నిశ్చయించుకుని, కుడికాలు ఈడుస్తూ వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారమూ వచ్చాడు. ఆపై ఆదివారమూ వచ్చాడు.

అమ్మాయి ఆయనకు ‘నురగ తాతయ్య’ అని పేరు పెట్టింది. జీతం పుచ్చుకునే మనిషే గదా అని దంతవైద్యుడు ఒక్కనాడూ కూర్చోమనలేదు.

నాలుగో ఆదివారం పెరటినిండా అతిథులు. పొద్దుటే సిలిండరు మార్చారు. గ్రిల్ ఇంకా వెలిగించలేదు.

ముసలాయన కుంచె ఆనించగానే నురగ బుసబుసమని పొంగింది.

“ఎవరూ అగ్గిపుల్ల గీయకండి!”

సిలిండరు కట్టేసి మెట్లు దిగాడు. చీకటి గదిలో అమ్మాయి స్విచ్చి మీదికి చెయ్యి చాస్తోంది. ఆ చెయ్యి పట్టి లాగి, పిల్లను ఎత్తుకుని పైకి తెచ్చాడు.

పిల్ల ఏడుపు అందుకుంది. మణికట్టు ఎర్రగా కందిపోయింది.

దంతవైద్యుడికి తల కొట్టేసినట్టయింది. “పదిమందిలో మా పిల్లను ఈడ్చుకొస్తారా? కాస్త వాసన వస్తే కొంపలంటుకుంటాయా? కంపెనీకి రాసి మీ ఉద్యోగం ఊడగొట్టిస్తాను!”

“రాయండి బాబూ. పైపు కావాలని కూడా అందులోనే రాయండి.”

ఆ తరవాత ఆయన రాలేదు.

మూడు వారాలకు, ఫిర్యాదు ఉత్తరం చేతపట్టుకుని కంపెనీ ఫిట్టరు వచ్చాడు.

“ఆదివారాలు తనిఖీ చేసే ఉద్యోగి మా దగ్గర ఎవరూ లేరండీ. అసలు అలాంటి ఉద్యోగమే లేదు.”

అతడు సిలిండరు మూతిలోని రబ్బరు రింగు తీసి చూశాడు. సగానికి తెగి ఉంది. మెట్లు దిగి గది చూసి, నెమ్మదిగా పైకి వచ్చాడు.

“ఆ రోజు పాప లైటు వేసుంటే, స్విచ్చిలో నిప్పురవ్వ చాలు...” అన్నాడు.

దంతవైద్యుడు ఆ రింగును చేతిలోకి తీసుకున్నాడు.

“మరి ఆయనెవరు? నీలం యూనిఫారం. కుడికాలు ఈడుస్తూ నడుస్తాడు.”

ఫిట్టరు టోపీ తీశాడు. “ఆయనా! పోయి పదిహేను రోజులైందండీ.”

“పైపే వేయండి” అన్నాడు దంతవైద్యుడు చివరికి. “దేవుడిలా వచ్చాడు. కనీసం మంచినీళ్లయినా ఇవ్వలేదు నేను.”

“దేవుడేమీ కాదండీ” అన్నాడు ఫిట్టరు మెట్లవైపు చూడకుండా. “మీకు ముందు ఈ ఇంట్లో ఉన్నవాళ్లకు సిలిండరు బిగించి, పొద్దుపోతోందని పరీక్షించకుండానే వెళ్లిపోయిన ఫిట్టరు ఆయనే. ఆ కింద గదిలో అప్పుడూ ఒక పిల్ల ఉండేది.”