ఐదో సూత్రం

"రెండో సూత్రం చెప్పు."

గేటు సందులోంచి తుపాకీ గొట్టం బయటికి పెట్టి అడిగాడు గార్డు.

బయట నిలబడ్డ మనిషికి యాభై దాటి ఉంటాయి. మెడకు గళ్ళ గుడ్డ, భుజాన పొడుగు కర్ర ఉన్న పార.

"తుపాకీ పేల్చొద్దు. ఒకదాన్ని చంపి నలభైని పిలుస్తుంది." గొంతు పోయినట్టుంది, మాట గుసగుసలా వచ్చింది.

గార్డు మొహం చిట్లించాడు. ఆ సూత్రం అతనికి మొదట్నుంచీ గిట్టదు. ఒకప్పుడు బ్యాంకు గుమ్మంలో స్టూలు మీద కునికిపాట్లు పడ్డవాడే. చేతిలో తుపాకీ ఉంది కాబట్టి ఇప్పుడు నాయకుడు.

చచ్చినవాళ్ళు లేచి తిరగడం మొదలై ఏడాదైంది. ఆ బట్టల కార్ఖానాలో ఇరవై ముగ్గురు ఇంకా ఊపిరితో ఉన్నారంటే అది రేడియో మాస్టారి పుణ్యం. ఎవరో, ఎక్కడుంటాడో తెలీదు. రోజూ పొద్దున్నే ఖంగుమనే గొంతుతో పది సూత్రాలు చెప్పేవాడు. గార్డు వదిన వాటిని బట్ట కత్తిరించే బల్ల మీద సుద్దతో రాసిపెట్టింది. అవి అప్పజెప్పనిదే కొత్తవాళ్ళకి గేటు తీసేవారు కాదు.

రెండు వారాలుగా రేడియో మూగబోయింది. అప్పట్నుంచీ ఆ పదీ వాళ్ళకి వేదమైపోయాయి.

"మూడోది?"

"మోచేతులకి మందపాటి గుడ్డ నాలుగు చుట్లు చుట్టుకోవాలి. పళ్ళు దిగవు."

"నాలుగోది?"

"కత్తి వద్దు, దగ్గరికెళ్ళాల్సొస్తుంది. పొడుగు కర్ర ఉన్నదేదైనా పట్టుకో. పారైతే మరీ మంచిది."

"పదోది?"

అతను పారని ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"నేనే మాస్టారినంటూ వచ్చినవాణ్ణి నమ్మకండి," అని చిన్నగా నవ్వాడు.

"నవ్వెందుకు?"

"ఏం లేదు బాబూ."

"ఇంతకీ నువ్వెవరు?"

"దారిన పోయేవాణ్ణి."

"సరే, ఐదోది చెప్పి లోపలికి రా."

"గుంపొస్తే పై అంతస్తుకెళ్ళి మెట్లు పడగొట్టాలి," అన్నాడతను. "కానీ అది తప్పు."

లోపల కుట్టుమిషన్ల చప్పుడు ఆగిపోయింది. వదిన గేటు దగ్గరికి వచ్చింది.

"ఏంటి తప్పు?"

"అలా చేసిన రెండిళ్ళు దారిలో చూశానమ్మా. అవి పైకెక్కలేవు, నిజమే. కానీ మనిషి వాసన ఉన్నంతకాలం కిందనుంచి కదలవు. మీకేమో దిగే దారి ఉండదు. రెండిళ్ళలోనూ అందరూ నీళ్ళు లేక పోయారు. మెట్లు ఉంచుకోండి. వెనక గోడకి కన్నం పెట్టుకుని, గుంపు ముందుకి రాగానే చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోండి."

"మాస్టారికంటే నీకెక్కువ తెలుసన్నమాట," అంది వదిన.

"ఆయనకీ తెలియనివి ఉంటాయమ్మా. తెలిశాక దిద్దుకోవాలి."

"ఆ ముక్క ఆయనొచ్చి చెబితే వింటాం," అన్నాడు గార్డు.

గేటు తెరుచుకోలేదు. వదిన జాలిపడి ఒక నీళ్ళ సీసా మాత్రం బయటికి అందించింది.

అతను వెళ్ళిపోలేదు. వెనక్కి వెళ్ళి పారతో గోడ తవ్వడం మొదలుపెట్టాడు. రెండు రోజులు తవ్వి, మనిషి పట్టేంత కన్నం చేశాడు.

"దొంగవెధవ," అని తిట్టి గార్డు దానికి అడ్డంగా లోపల్నుంచి బీరువా పెట్టించాడు.

మూడోరోజు మధ్యాహ్నం గుంపు వచ్చింది.

గార్డు ఆగలేకపోయాడు. కిటికీలోంచి ఒక గుండు పేల్చాడు. ఒకటి పడింది. సందుల్లోంచి ఇంకో వంద వచ్చాయి.

గేటు ఊగిపోతోంది. అప్పుడు రోడ్డు చివర్నుంచి ఠంగు ఠంగుమని మోత. పారతో దీపస్తంభాన్ని కొడుతున్నాడతను. గుంపు మొత్తం అటు తిరిగింది. అతను ఒక స్తంభం దాటి ఇంకో స్తంభం కొడుతూ, మధ్యమధ్యలో చెయ్యెత్తి కార్ఖానా వెనక్కి చూపిస్తూ దూరంగా నడిచాడు.

"ఏమయ్యా, వెనకనుంచి పొమ్మంటున్నాడు," అంది వదిన. "బీరువా జరపమంటావా?"

"పిచ్చోడి మాట పట్టుకుని రోడ్డున పడదామా? ఇంత టైము మళ్ళీ దొరకదు. అందరూ పైకి నడవండి, మెట్లు పడగొడదాం."

బోల్టులు ముందే వదులు చేసి ఉంచారు. ఇనుప మెట్లు భూమి అదిరేలా కూలాయి.

ఆ చప్పుడికి సగం గుంపు వెనక్కి తిరిగింది. మిగతా సగం అప్పటికే అతన్ని చుట్టుముట్టింది. పార మోత ఆగిపోయింది.

"అనవసరంగా చచ్చాడు," అన్నాడు గార్డు.

ఐదు రోజులు గడిచాయి. గేటు విరిగింది. కింద కుట్టుమిషన్ల మధ్య అవి కిక్కిరిసి, తలలు పైకెత్తి నిలబడి ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. పైన నీళ్ళ డ్రమ్ము అడుగంటింది. వదిన పెదాలు పగిలి నెత్తురు చెమ్మ కనిపిస్తోంది.

అలవాటు కొద్దీ ఆమె రేడియో తిప్పింది. అది గరగరమంది.

"మాస్టారే," అన్నాడు గార్డు. ఏడుపొచ్చేసింది అతనికి. "నేను చెప్పలేదూ, ఆయన మనల్ని వదలడని?"

కానీ వచ్చింది ఆడగొంతు.

"నేను మాస్టారి భార్యను. మెట్లు పడగొట్టినవాళ్ళు పోయారని మాకు కబురొచ్చిన రోజే ఇక్కడ సెట్టు పాడైంది, ఇప్పటికి బాగుచేయగలిగాం. ఐదో సూత్రం తప్పు, దయచేసి ఎవరూ మెట్లు పడగొట్టకండి. ఆ మాట తనే చెప్పి దిద్దుకోవాలని ఆయన కాలినడకన బయల్దేరి మూడు వారాలైంది. గొంతు పోయింది కాబట్టి మీరు పోల్చుకోలేరు, పదో సూత్రం పెట్టింది తనే కాబట్టి నేనే మాస్టారినని చెప్పుకోరు, అయినా మెడకు గళ్ళ గుడ్డ, భుజాన పారతో ఎవరైనా వస్తే గేటు తీసి లోపలికి పిలవండి."