గేటు తాళం

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. పాపకు ఏదైనా అయ్యే వేళకు తలుపుకు బయట తాళం వేసి ఉంటుంది.

పనికి వెళ్తూ ఆయన తాళం వేస్తాడు. ఒకసారి లాగి చూసుకుంటాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయన జేబులోనే మెట్లు దిగుతుంది.

"రోజులు బాగాలేవు. నీ మంచికే," అంటాడు. గొంతు పెంచడు. పెంచితే ఎవరికైనా చెప్పుకోవడానికి ఒక మాట దొరికేది.

ఒకసారి వంటింటి కిటికీలోంచి పాలబ్బాయితో తాళం సంగతి అంది. మర్నాడే ఆ కిటికీకి మేకులు పడ్డాయి.

ఇక మిగిలింది వెనక బాల్కనీ. పై అంతస్తు నుంచి తాడుకు వేలాడుతూ దిగే గుడ్డ సంచీ.

సంచీ దర్జీ అక్కది. కుట్టిన బట్టలూ, చదివిన నవలలూ అందులోనే ఊరేగుతాయి. నవలకు అద్దె లేదు. చివరి ఖాళీ పేజీలో పెన్సిలుతో అభిప్రాయం రాయాలి. రాయనివాళ్లకు రెండో పుస్తకం దిగదు.

ఈసారి దిగింది గుర్రాల నవల. ఎక్కడో పడమటి దేశం. కనుచూపు మేర గడ్డి, మందలు మందలుగా పశువులు, టోపీ పెట్టుకున్న ఆరడుగుల మగాడు. పట్నం నుంచి వచ్చిన అమ్మాయి.

తొమ్మిదో తరగతిలో ఆగిన చదువు. కొన్ని మాటల దగ్గర తడబడింది. గేటు ఘట్టం దగ్గర ఆగింది మాత్రం మాట తెలియక కాదు.

తుఫాను వస్తుంటే ఆ అమ్మాయి వెళ్లిపోతానంటుంది. అతను గేటుకు తాళం వేస్తాడు. "నిన్ను పోనివ్వను," అంటాడు. పేజీ తిప్పితే ముద్దు.

ఆమె పేజీ వెనక్కి తిప్పింది. మళ్లీ ముందుకు తిప్పింది.

ఇవాళ పొద్దున్న పాప ఒళ్లు వెచ్చగా ఉందంటే, ఆయన "సాయంత్రం చూద్దాం" అన్నాడు. తాళం లాగి చూసుకున్నాడు.

మధ్యాహ్నానికి ఒళ్లు పెనంలా కాలుతోంది. పాప పాలు ముట్టలేదు.

"ఏమ్మా మహారాణీ!" పైనుంచి అక్క తొంగి చూసింది. "గుర్రాలాయన్ని వదుల్తావా లేదా? ముగ్గురు కాచుకుని నా ప్రాణం తీస్తున్నారు."

"అయిపోయిందక్కా."

"గేటు దగ్గర ఎలా ఉంది? నాకైతే మతిపోయి, చొక్కాకి మెడ కుట్టాల్సిన చోట చెయ్యి కుట్టేశా!"

ఎదురు కిటికీలో ఆయన మేనత్త ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి చప్పుడు ఆగింది. ఆవిడవి పాము చెవులు.

"బాగుంది," అంది ఆమె. "కానీ తాళంచెవి ఎవరి దగ్గరుందో రాయలేదక్కా."

"అతని దగ్గరే. ఇంకెవరి దగ్గరుంటుంది?"

"ఆ అమ్మాయికి జ్వరమొస్తే?"

"గుర్రమెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకుపోతాడు! అంత ప్రేమించేవాడు దొరకాలే గానీ, తాళం నేనే కొనిస్తా."

"అతను ఇంట్లో లేనప్పుడొస్తే?"

"నవలకి ఇన్ని ప్రశ్నలా తల్లీ? పైకి రా, తీరిగ్గా తేల్చుకుందాం. పుస్తకం ఇవ్వడానికైనా ఏనాడూ మెట్లెక్కవు. కాళ్లరిగిపోతాయా?"

ఎదురు కిటికీ దగ్గింది.

ఆమె లోపలికొచ్చి చివరి పేజీ తెరిచింది.

'హీరో అదిరిపోయాడు.'

'మా ఆయనకి గుర్రం లేదు, గాడిద బుద్ధి ఉంది.'

'రెండుసార్లు ఏడ్చాను. కూర మాడింది.'

పెన్సిలు తీసుకుంది. చంకలో పాప మూలిగింది.

పుస్తకం సంచీలో పెడుతుంటే మేనత్త అడగనే అడిగింది. "ఏం రాశావే అంతసేపు?"

"అభిప్రాయం అత్తయ్యా. రాయకపోతే ఇంకోటి ఇవ్వదు."

తాడు బిగిసింది. సంచీ గోడకు రాసుకుంటూ పైకి వెళ్లింది.

కాసేపు కుట్టుమిషను చప్పుడు. తర్వాత అదీ లేదు.

చివరి పేజీలో, గాడిద కింద, గుండ్రటి అక్షరాలు:

'గుర్రాలు బాగున్నాయి. తాళం వేశాక ఆ అమ్మాయి ఒక్కసారైనా గేటు దాటిందేమో అని చివరిదాకా వెతికాను. పెళ్లి కూడా లోపలే అయింది. నాకు మెట్లు ఎక్కాలనే ఉంటుంది అక్కా. మా తలుపు బయటి నుంచి వేసి ఉంటుంది. పాప ఒళ్లు కాలుతోంది. నువ్వు దిగి వచ్చి, ఒకసారి దాన్ని చూడవా?'